ఆ ఫైర్‌మన్‌కు పని రాదు

డార్జిలింగ్‌లో తీసిన నాలుగు వందల ఫొటోల్లో అన్నిటికంటే గొప్పదని నేననుకున్నదాన్నే మా నాన్నకు, మేం బాపు అంటాం, మొదట చూపించాను. నీలం రంగు చిన్న ఆవిరి ఇంజన్, వెనక పొగమంచులో సగం కరిగిపోయిన చెట్లు, చిమ్నీలోంచి కారుమబ్బులా లేచిన పొగ. బాపు కళ్లజోడు సవరించుకుని, ఫోను ముక్కు దగ్గరికి తెచ్చుకుని చూశాడు. "ఈ ఫైర్‌మన్‌కు పని రాదు బిడ్డా" అని తిరిగిచ్చేశాడు. ఫైర్‌మన్ అంటే ఇంజన్ పొయ్యిలో బొగ్గు వేసేవాడు.

బాపుకు డెబ్బై తొమ్మిదేళ్లు. కాజీపేట లోకో షెడ్డులో క్లీనరుగా చేరి, ఫైర్‌మన్ అయి, డ్రైవరుగా రిటైరయ్యాడు. డబ్ల్యూజీ గూడ్సు ఇంజన్ల పొయ్యిలో పారతో సింగరేణి బొగ్గు వేసిన మనిషి. డ్యూటీ నుంచి వస్తే అమ్మ వాకిట్లోనే వేడినీళ్లు పెట్టేది. ఎంత రుద్దుకున్నా చెవుల వెనక నలుపు మిగిలే ఉండేది. తమ్ముణ్ణి ఒకసారి షెడ్డుకు తీసుకెళ్లి ఇంజన్ ఎక్కించాడు. నన్ను ఎక్కించలేదు. ఆడపిల్ల, కొత్త గౌను, మసి అంటుతుందన్నారు. నాకిప్పుడు నలభై ఏడు. ఆ గౌను ఏ రంగుదో కూడా గుర్తుంది.

కెమెరా పిచ్చి పట్టాక ఆవిరి ఇంజన్‌ను తీయాలని, ఎక్కాలని అనుకున్నాను. రోజూ పనిచేసే ఆవిరి ఇంజన్లు మన దేశంలో ఇప్పుడు ఎక్కడో కొన్ని చోట్లే మిగిలాయి. ఊటీ బండి ఉంది గానీ అది మీటర్‌గేజ్. డార్జిలింగ్‌ది నారోగేజ్. పట్టాల మధ్య దూరం రెండు అడుగులు, అంటే 610 మిల్లీమీటర్లు. మన బ్రాడ్‌గేజ్ 1676. "మన గుమ్మం కూడా అంతకంటే వెడల్పే కదా, దాని మీద ఇంజనా?" అన్నాడు బాపు. తనూ రావాలనుకున్నాడు గానీ ఆ చలికి మోకాళ్లు ఒప్పుకోవన్నాడు.

ఇక టిక్కెట్టు. డార్జిలింగ్ నుంచి ఘూమ్ దాకా వెళ్లి వెనక్కి వచ్చే రెండు గంటల ప్రయాణాన్ని జాయ్‌రైడ్ అంటారు. ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. నేను ఉత్సాహంగా బుక్ చేసి, బంధువులందరికీ చెప్పి, నాలుగు రోజుల తర్వాత టిక్కెట్టును మళ్లీ చూసుకుంటే అది డీజిల్ బండి. జాయ్‌రైడ్లలో డీజిల్‌వీ ఉంటాయి, ఆవిరివీ ఉంటాయి. రెండూ ఒకే జాబితాలో, ఇంచుమించు ఒకేలాంటి పేర్లతో కనిపిస్తాయి. డీజిల్ చవక కాబట్టి నా వేలు దాని మీదికే పోయింది. డీజిల్ ఇంజన్ చూడటానికి డార్జిలింగ్ దాకా వెళ్లాలా, మా ఇంటి వెనకే షెడ్డు ఉంది! రద్దు చేసుకుంటే కొంత డబ్బు పోయింది. ఎవరైనా వెళ్లేవాళ్లుంటే డబ్బు కట్టే ముందు 'స్టీమ్' అన్న మాట ఉందో లేదో రెండుసార్లు చూసుకోండి.

కాజీపేటలో ఈస్ట్‌కోస్ట్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి హౌరా పక్కనున్న షాలిమార్, సియాల్దాలో రాత్రి డార్జిలింగ్ మెయిల్ పట్టుకుని న్యూ జల్పాయ్‌గురి, అక్కడినుంచి జీపు. మా ఆయన దారి పొడవునా నిద్రపోయాడు కాబట్టి ఆ సంగతులు చెప్పడానికేమీ లేదు.

ఒక్కటి మాత్రం ముందే నిర్ణయించుకున్నాను. ఫొటోలకు ఒక రోజు, ప్రయాణానికి ఒక రోజు. బండిలో కూర్చున్నవాళ్లకు ఇంజన్ కనిపించదు, మలుపుల్లో తప్ప. రోడ్డు మీద నిలబడితే మాత్రం కావలసినంత కనిపిస్తుంది. ఆ పట్టాలు చాలా దూరం రోడ్డును ఆనుకుని, దుకాణాల గుమ్మాల ముందునుంచే పోతాయి. బండి వేగం గంటకు పన్నెండు, పదిహేను కిలోమీటర్లు. ట్యాక్సీ మాట్లాడుకుంటే దాన్ని దాటి ముందుకెళ్లి, కెమెరా సిద్ధం చేసుకుని, ఒక టీ కూడా తాగవచ్చు.

తెల్లవారకముందే స్టేషన్ ఎదురుగా ఉన్న షెడ్డు దగ్గరికి వెళ్లాను. లోపలికి వెళ్లవచ్చా అని నాకొచ్చిన హిందీలో అడిగి, మా నాన్న కాజీపేటలో ఫైర్‌మన్‌గా చేశాడని చెప్పాను. కాజీపేట ఎక్కడో వాళ్లకు తెలియదు గానీ ఫైర్‌మన్ అన్న మాట పనిచేసింది. ద్వారం దగ్గర నిలబడమన్నారు. చీకట్లో రెండు ఇంజన్లు గురకపెట్టి నిద్రపోతున్నట్టున్నాయి. ఆ బొగ్గు వాసన తగలగానే నాకు హిమాలయాలు కాదు, మా వాకిట్లో నీళ్ల కాగు గుర్తొచ్చింది.

ఆ ఇంజన్లను 'బి' క్లాసు అంటారు. ఘూమ్ మీదుగా డార్జిలింగ్‌కు పట్టాలు పడింది 1881లో. ఈ తరహా ఇంజన్లు గ్లాస్గోలోని షార్ప్ స్టువర్ట్ కంపెనీలో తయారై రావడం మొదలైంది 1889లో. మన నిజాం రైలు వరంగల్ మీదుగా బెజవాడ చేరిందీ ఆ ఏడాదే. అక్కడ ఆ తరహా ఇంజన్లు ఇంకా పనిచేస్తున్నాయి, మన దగ్గర అప్పటివి ఏమయ్యాయో ఆ తుక్కు సామానుకే తెలియాలి.

ఫొటోల విషయంలో మొదటి గంట పూర్తిగా వృథా అయింది. తెల్లటి ఆవిరిని చూసి కెమెరా వెలుతురు ఎక్కువగా ఉందని మోసపోతుంది, ఇంజన్‌ను మసిముద్ద చేస్తుంది. ఇంజన్ ఒంటి మీద వెలుతురు కొలిచి తీయడం మొదలుపెట్టాక చక్రాలూ రివెట్లూ తేలాయి. రెండో చిక్కు చిమ్నీ. బండి కదిలేటప్పుడు దగ్గరగా నిలబడితే జిడ్డు కలిసిన నీటి తుంపర లెన్సు మీద పడుతుంది. చున్నీతో తుడిచాను. అప్పటిదాకా చుక్కలుగా ఉన్నది లెన్సంతా అలికినట్టయింది.

డార్జిలింగ్‌కూ ఘూమ్‌కూ మధ్య బతాసియా దగ్గర, బండి ఎత్తెక్కే చోట కాచుకుని ఉన్నప్పుడు అసలు వింత చూశాను. ఇంజన్ కొసన, దూలం మీద ఒకాయన కాళ్లు వేలాడేసుకుని కూర్చున్నాడు. పక్కన ఇసుక. పిడికిట్లోకి తీసుకుని, వంగి, పట్టా మీద సన్నటి ధారగా వదులుతున్నాడు, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యనుంచి, మనవాళ్లు సంక్రాంతికి ముగ్గు వేసినట్టే. మంచుకు తడిసిన పట్టాల మీద చక్రం జారకుండా ఆ ఇసుక పట్టిస్తుంది. ఇంజన్ మీద ఇంకొకాయన పని బొగ్గు పెళ్లలను సుత్తితో పగలగొట్టడం. అంత చిన్న ఇంజన్‌కు అంతమంది మనుషులా అనిపించింది.

మర్నాడు ప్రయాణం. మొదటి పెట్టెలో కిటికీ సీటు. నీళ్లకు ఒకసారి ఆగారు. ఎత్తెక్కడం మొదలవగానే బాపుకు ఫోన్ చేసి, ఫోనును కిటికీలోంచి బయట పెట్టాను. ఓ అర నిమిషం ఏమీ మాట్లాడలేదు. తర్వాత అడిగాడు.

"ఎంత స్పీడు?"

"పన్నెండు ఉంటుందేమో."

"అబద్ధం. ఆ చప్పుడు వింటే ముప్పైకి దగ్గరగా ఉంది."

ఇద్దరి మాటా నిజమే. చక్రం ఒక్కసారి తిరిగితే ఇంజన్ నాలుగుసార్లు ఊదుతుంది. బాపు నడిపిన డబ్ల్యూజీ చక్రం అడ్డంగా అయిదడుగుల పైచిలుకు. ఈ చిన్నదాని చక్రం ఇరవై ఆరు అంగుళాలే. అదే దూరానికి రెండింతలకు మించి తిరగాలి, అంతగానూ ఊదాలి. ఇది చెబితే బాపు ఎంత నవ్వాడంటే, "ఎవరితో మాట్లాడుతున్నావు?" అని వెనక అమ్మ గొంతు వినిపించింది.

బతాసియాలో పది నిమిషాలు ఆగారు. 1919లో కట్టిన వలయం, బండి తన కిందినుంచి తనే తిరిగి పైకెక్కుతుంది. మధ్యలో గూర్ఖా సైనికుల స్మారకం. కాంచన్‌జంగ కనిపిస్తుందంటారు, మాకు మాత్రం మబ్బే కనిపించింది. ఘూమ్ 2258 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ అర గంట ఆగుతారు. అందరూ మ్యూజియానికి వెళ్తే నేను ఇంజన్ దగ్గరే ఉండిపోయాను. దాన్ని పెట్టెలనుంచి విడదీసి అటు చివరకు తెచ్చి తగిలిస్తారు, ఏ అడ్డమూ లేకుండా ఇంజన్ ఒక్కటే దొరికే సమయం అదే. పైకి ఎక్కవచ్చా అని అడిగాను. కుదరదన్నారు, మర్యాదగానే. మెట్టు పక్కన నిలబడి పొయ్యిలోకి తొంగి చూడనిచ్చారు. ముఖం కాలింది, వీపు గడ్డకట్టింది. నా కుర్తా మీద మసి పడింది. తుడుచుకోలేదు.

అప్పుడే నేనొక పని చేశాను. ఆ సంగతి బాపుకు చెప్పలేదు.

ఇంటికొచ్చి ఫొటో చూపించి, పైన రాసిన ఆ మాట పడ్డాక, సాయంత్రం బాపు నన్ను చౌరస్తా దగ్గర టీ హోటల్‌కు తీసుకెళ్లాడు. అక్కడ పాత లోకో షెడ్డువాళ్లు కూర్చుంటారు. బాపు కంటే జూనియర్ ఒకాయన ఉన్నాడు, నేను కాకా అని పిలుస్తాను. ఫోను ఆయన చేతికిచ్చి బాపు ఏమీ అనలేదు.

"ఎంత పొగ!" అన్నాడు కాకా. "కుప్ప పోశాడు."

"పోస్తాడు మరి. పలచగా వేయాలి, మంట తక్కువున్న చోట చూసి వేయాలి. ఈ నలుపంతా ఏమిటి? కాలని బొగ్గే కదా. ఇలా పొగ వదిలితే మా డ్రైవరు మమ్మల్ని కిందికి దించేవాడు."

"ఆ డ్రైవరైనా చూసుకోవద్దా?"

ఎక్కడో ఘూమ్‌లో ఉన్న ఆ మనిషికి కాజీపేట చౌరస్తాలో శిక్ష పడిపోయేలా ఉంది. నేనిక ఆగలేకపోయాను.

"బాపూ, నేనే అడిగాను. ఫొటోకు కాస్త నల్లటి పొగ రానివ్వమని సైగ చేశాను. నవ్వి, రెండు పారలు ఎక్కువ వేశాడు."

బాపు నా వైపు చూశాడు, కాకా బాపు వైపు. తర్వాత బాపు ఫోను తీసుకుని తనే వేలితో పక్కకు జరిపాడు. నా నల్ల పొగ తర్వాత, నిమిషం తేడాతో తీసిన ఫొటో అది. బాగా రాలేదని తీసేద్దామనుకున్నదే. చిమ్నీ మీద పొగ ఉందా లేదా అన్నట్టు సన్నటి బూడిదరంగు పొర. వెనక చెట్లు స్పష్టంగా కనిపిస్తున్నాయి.

"నిమిషమేనా?"

"అంతే."

బాపు ఆ ఫొటోను వేళ్లతో పెద్దది చేసి కాకాకు చూపించాడు. "అడిగితే నల్లగా వదిలి, నిమిషంలో మళ్లీ తెల్లగా చేశాడు. చూడు."

కాకా చూసి, "బ్లోయర్ తెరిచి ఉంటాడు" అన్నాడు. చిమ్నీలోకి ఆవిరి ఊది పొయ్యికి గాలి లాగించేదాన్ని బ్లోయర్ అంటారు.

"తెరవకుండా ఎలా పోతుంది? ఎప్పుడు తెరవాలో తెలియాలి కదా."

అక్కడినుంచి బ్లోయర్ ఎంత తెరవాలన్న దాని మీద వాళ్లిద్దరికీ మాటామాటా పెరిగింది. టీ చల్లారిపోయింది. మధ్యలో ఒక్కసారి బాపు నా వైపు తిరిగి, "ఇది పెద్దగా ప్రింటు తీయించు, ఆ మొదటిది వద్దు" అన్నాడు. నేను లేచి మూడు టీలకు డబ్బులు కట్టాను.