డ్రిల్లు మాస్టారి సాపర్లు

మన కర్నూలు బడిలో డెబ్బైలలో చదివినవాళ్లకు డ్రిల్లు మాస్టారిని పరిచయం చెయ్యనక్కర్లేదు. సైన్యంలోని ఇంజనీరింగు దళమైన మద్రాస్ సాపర్స్‌లో హవల్దారుగా చేసి, పింఛను మీద ఊరికి వచ్చిన మనిషి. మిలిటరీ అంటే తుపాకీ పేల్చడమే అనుకునే వయసు మాది. వానొచ్చి గ్రౌండు బురదైతే వరండాలో కూర్చోబెట్టి ఆయనే చెప్పేవారు: దారి వేసేది, వంతెన కట్టేది, మందుపాతర తీసేది సాపర్లని. 1780లో మద్రాసులో రెండు కంపెనీలతో మొదలైన దళం అది. ఇప్పుడు కేంద్రం బెంగళూరు.

పాతర తియ్యడం ఒకసారి చేసి చూపించారు. బోర్లా పడుకుని, సన్నటి ఇనుప చువ్వను ఏటవాలుగా మట్టిలోకి గుచ్చారు. నిటారుగా దింపితే పాతర నెత్తిన ఒత్తిడి పడి పేలుతుంది. వాలుగా పోతే పక్కకు తగులుతుంది. తగిలితే చువ్వ పక్కన పెట్టి వేళ్లతో మట్టి తొలగించాలి. కాస్త జరిగి మళ్లీ గుచ్చాలి. తీసిన దారికి రెండువైపులా తెల్ల టేపు పరుస్తారు, వెనక వచ్చేవాళ్లు ఆ మధ్యలోనే నడవాలి. "తొందరపడితే నీ ఒక్కడి ప్రాణమే కాదు నాయనా" అనేవారు.

సుబేదార్ సుబ్రమణ్యం గురించి చెప్పేటప్పుడు ఆయన గొంతు మారేది. రెండో ప్రపంచయుద్ధంలో, 1944 ఫిబ్రవరి 24న ఇటలీలోని మిగ్నానో దగ్గర, గాయపడినవాళ్లను తేవడానికి పాతరల మధ్య దారి తీస్తుంటే వెనకున్న జవాను కాలు ఒక పాతర మీద పడింది. పేలేలోపు కొన్ని క్షణాలే. సుబ్రమణ్యం దాని మీద పడి ఒంటితో కప్పేశారు. మిగతావాళ్లు బతికారు. ఆ సాహసానికి ఆయనకు జార్జి క్రాస్ అనే బ్రిటిషు పతకం ఇచ్చారు.

మాస్టారు స్వయంగా ఉన్నది కశ్మీరు నుంచి లదాఖ్‌కు వెళ్లే జోజిలా కనుమలో. 1948లో పాకిస్తాన్‌తో కశ్మీరు యుద్ధంలో ఆ కనుమ శత్రువు చేతిలో ఉంది. కాల్బలం దాడి ఫలించలేదు. దాదాపు 11,500 అడుగుల ఎత్తుకు ట్యాంకులు ఎక్కించాలని నిర్ణయించారు. అక్కడ ఉన్నదేమో కంచరగాడిదలు నడిచే బాట. మద్రాస్ సాపర్లు చలిలో, కాల్పుల మధ్య రాయి పేల్చి దాన్ని వెడల్పు చేశారు. నవంబరు 1న స్టూవర్ట్ అనే తేలికపాటి ట్యాంకులు కనుమ దాటాయి. ఆ నెలలోనే లేహ్‌కు దారి తెరుచుకుంది. ఈ కథలో ట్యాంకుల సంగతి అందరూ చెబుతారు, బాట వేసినవాళ్ల సంగతి చెప్పేవాళ్లు తక్కువ. నాకు ఇప్పటికీ బాధనిపించేది అదే.

మనకు వీళ్లు కొత్తవాళ్లు కారు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన కాటన్, సాపర్లకు ఆఫీసర్లను ఇచ్చిన మద్రాస్ ఇంజనీర్స్ దళంలో అధికారి, 1824లో మొదలైన బర్మా యుద్ధంలో పనిచేశారు. సుంకేసుల దగ్గర మొదలయ్యే మన కె.సి. (కర్నూలు-కడప) కాలువ వెనకున్నదీ ఆయన ఆలోచనే. సెలవుల్లో మనమంతా ఈత కొట్టిన కాలువ. కడప కైఫీయతులు, అంటే ఊళ్ల చరిత్రలు రాయించిన మెకంజీదీ అదే దళం. 1799లో శ్రీరంగపట్నం ముట్టడిలో ఉన్నారు, ఆ తర్వాత దత్తమండలాలు సర్వే చేశారు.

మన బడి పూర్వ విద్యార్థుల సంచికలో డాక్టర్ల పేర్లు, ఆఫీసర్ల పేర్లు వేస్తున్నాం. మన బడి నుంచి సాపర్లలో చేరినవాళ్ల పేర్లు కూడా వెయ్యమని కమిటీని అడిగాను, ఒప్పుకున్నారు. మీ బ్యాచిలో ఉంటే పేరు, యూనిట్ రాసి పంపండి.