డీలర్‌షిప్ మూసివేత: లెక్కలు తేల్చే పని నాకు పడింది

నేను ఒక కార్ల డీలర్‌షిప్‌లో అకౌంట్స్ చూసేవాణ్ణి. మాది నష్టాల్లో ఉన్న షోరూం కాదు. అమ్మకాలు అటూ ఇటూగా ఉన్నా వర్క్‌షాప్ ఎప్పుడూ నిండుగా ఉండేది. అయినా కార్ల కంపెనీ తన డీలర్ల సంఖ్య తగ్గించుకోవాలని నిర్ణయించింది, తీసేసే జాబితాలో మా పేరు వచ్చింది. ఉత్తరంలో మా పనితీరు గురించి ఒక్క ముక్క లేదు. ఒప్పందం ముగిసే తేదీ మాత్రం ఉంది.

చాలామంది షోరూం కంపెనీదే అనుకుంటారు. కాదు. కారు ఫ్యాక్టరీ నుంచి డీలరు పేరు మీద బయల్దేరగానే కంపెనీకి దాని డబ్బు ముట్టినట్టే. ఆ డబ్బు డీలరు తన పేరు మీద బ్యాంకులో తీసుకున్న స్టాక్ లోను నుంచి పోతుంది. కారు అమ్ముడుపోయేదాకా రోజూ వడ్డీ పడుతూనే ఉంటుంది. భవనం, ముందు అద్దాలు, లోపలి టైల్స్, బోర్డు రంగు, వర్క్‌షాప్‌లో లిఫ్టులు, ఆ బ్రాండు కార్లకే పనికొచ్చే టూల్స్ అన్నీ కంపెనీ చెప్పిన కొలతల్లోనే ఉండాలి, ఖర్చు మాత్రం డీలరుదే. అందుకే డీలర్‌షిప్ మూస్తే కంపెనీకి ఎంత మిగులుతుందో లెక్క వేయడం కష్టం. డీలరుకు ఎంత పోతుందో మాత్రం నా పుస్తకాల్లో పైసలతో సహా కనిపిస్తోంది.

ఉత్తరం వచ్చాక ఓనరు గారు నన్ను పిలిచి, "మనకు రావలసింది ఏదీ వదిలిపెట్టొద్దు. ఇవ్వాల్సింది కూడా ఎవరికీ ఎగ్గొట్టొద్దు" అన్నారు. మూసే పని మొత్తం ఆ రెండు మాటల మధ్యే నడిచింది.

ముందు కొత్త కార్ల స్టాక్ పట్టుకున్నాం. మూసేస్తున్నారన్న సంగతి బయటికి పొక్కగానే వచ్చిన ప్రతి కస్టమరూ "ఎలాగూ తీసేయాలి కదా, ఇంకొంచెం తగ్గించండి" అనడం మొదలుపెట్టాడు. వాళ్ళ తప్పేం లేదు. కానీ కంపెనీ నుంచి వచ్చే డిస్కౌంటు సాయం అప్పటికే ఆగిపోయింది, తగ్గించిన ప్రతి రూపాయీ మా జేబులోంచే పోవాలి. పక్క ఊళ్ళ డీలర్లు తమకు అమ్ముడుపోయే మోడళ్ళు, రంగులు ఏరుకుని తీసుకెళ్ళారు. మిగిలినవీ, డెమో కార్లూ వచ్చిన రేటుకు వదిలించుకున్నాం. వడ్డీ కడుతూ మంచి రేటు కోసం కూర్చోవడం కంటే నష్టానికైనా తొందరగా అమ్మడమే నయమని లెక్క వేసి చూపిస్తే ఓనరు గారు ఒప్పుకున్నారు.

స్పేర్ పార్ట్స్ దగ్గర పని ఇంకా చిక్కుపడింది. వెనక్కి తీసుకుంటామని కంపెనీ అంది గానీ, సీలు విప్పని పెట్టెలు కావాలి, పార్ట్ నంబరు ఇప్పటి జాబితాలో ఉండాలి, ఈమధ్య ఆర్డరు చేసినవై ఉండాలి. ఒక స్టోర్‌లో ఏళ్ళ తరబడి పేరుకున్న సరుకులో ఈ మూడింటికీ తట్టుకునేది ఎంతని? పాత మోడల్ కార్లవాళ్ళు ఇబ్బంది పడకూడదని కొని పెట్టుకున్న పార్టులే మాకు బరువయ్యాయి. మా స్టోర్‌కీపర్ పెద్దాయన ఒక్కో అర చూసి, "బాబూ, ఇది ఫలానా కారుకి తప్ప దేనికీ రాదు. పారేస్తే ఆ కారాయన ఎక్కడికి పోతాడు?" అనేవాడు. అలాంటివి కొన్ని ఊళ్ళోని గ్యారేజీలకు తక్కువ ధరకు ఇచ్చేశాం.

ఇలాంటి పరిస్థితి ఎవరికైనా వస్తే నేను గట్టిగా చెప్పేది క్లెయిముల సంగతి. వారంటీ కింద చేసిన రిపేర్లకు లేబర్, పార్టుల డబ్బు, అమ్మకాల మీద ఇన్సెంటివ్, స్కీముల తేడా, అన్నీ కంపెనీ పోర్టల్‌లో క్లెయిము పెడితేనే వస్తాయి. ఒప్పందం ముగిసిన రోజు లాగిన్ పోతుంది. ఆ తర్వాత అడిగితే ఆధారం మన చేతిలో ఉండదు. అందుకని మిగతా పనులు ఆపి సర్వీస్ అడ్వైజర్లనూ కూర్చోబెట్టాను. జాబ్ కార్డులు, కస్టమరు సంతకాలు, తీసేసిన పార్టుల ఫొటోలు, తిరస్కరించిన క్లెయిములకు వాళ్ళు రాసిన కారణాలు, ప్రతి పేజీ డౌన్‌లోడ్ చేసి రెండు చోట్ల దాచాం. రోజూ టెన్షనే. మన బాకీలను మనకు రావలసిన దాంట్లోంచి కంపెనీ తనంతట తానే కోసుకుంటుంది కాబట్టి, ఏ తేదీన ఏది దేనికి సర్దుబాటు చేశారో చూపే స్టేట్‌మెంట్ రాతపూర్వకంగా అడిగాం. మొదట ఇవ్వలేదు. లాయరు ఉత్తరం రాశాక ఇచ్చారు. అందులో మా క్లెయిములు కొన్ని అసలు కనిపించలేదు, దాచిన కాగితాలు చూపించాకే వాటిని చేర్చారు.

మిగతా చోట్ల డీలర్లకు ఏం దక్కిందో చూడమని మా లాయరు గారు చెప్పారు. అమెరికాలో 2009లో క్రైస్లర్ అనే కార్ల కంపెనీ దివాలా కోర్టులో ఉండగా మే 14న 789 మంది డీలర్లను వదిలించుకుంటామని చెప్పి, జూన్ 9 కల్లా వాళ్ళ ఒప్పందాలు రద్దు చేయించుకుంది. నెల రోజులు కూడా లేవు. రాష్ట్రాల్లో డీలర్లను కాపాడే చట్టాలున్నా దివాలా కోర్టు ముందు అవి నిలవలేదు. జనరల్ మోటార్స్ కూడా ఆ మే నెలలోనే పెద్ద సంఖ్యలో డీలర్లకు ఒప్పందం పొడిగించబోమని రాసింది. ఊళ్ళ నుంచి ఒత్తిడి వచ్చాక, ఆ డిసెంబరులో అమెరికా కాంగ్రెస్ ఈ డీలర్లకు మధ్యవర్తిత్వం కోరే హక్కు ఇచ్చింది. చాలామంది దాన్ని వాడుకున్నారు, కొందరు తిరిగి తెరిచారు. ఈ కంపెనీలకు ఇచ్చిన ప్రభుత్వ సాయం మీద నిఘా పెట్టిన ప్రత్యేక ఇన్‌స్పెక్టర్ జనరల్ 2010 జూలైలో ఒక నివేదిక ఇచ్చారు. ఉద్యోగాలు పోతాయన్న సంగతిని సరిగా లెక్కలోకి తీసుకోకుండానే మూసివేతలను తొందరపెట్టారని అందులో ఉంది. పల్లె ప్రాంతాల్లో మూస్తే అక్కడ ఈ కంపెనీలకు ఉన్న పట్టు కూడా పోవచ్చని నిపుణులు అన్న సంగతీ రాశారు. అది చదివినప్పుడు మా ఓనరు గారు కంపెనీకి మొదటి నుంచీ చెబుతున్నది ఇదే కదా అనిపించింది.

మాకు ఎక్కువ పనికొచ్చింది ఆస్ట్రేలియా అనుభవం. 2020 ఫిబ్రవరిలో జనరల్ మోటార్స్ అక్కడ హోల్డెన్ బ్రాండును ఎత్తేస్తామని ప్రకటించినప్పుడు కంపెనీ ఇస్తామన్న పరిహారం చాలదని డీలర్లు పోరాడారు. తర్వాత 2021 జూలై నుంచి అక్కడి నియమాలు మారాయి. ఒప్పందం మధ్యలో కార్ల కంపెనీ డీలర్లను తగ్గించుకుంటే, లేదా దేశం నుంచే వెళ్ళిపోతే, పోయిన లాభానికి, ఇంకా తిరిగిరాని పెట్టుబడికి, మూసేందుకు అయ్యే ఖర్చుకు పరిహారం ఇవ్వాలని కొత్త ఒప్పందాల్లోనే రాయాలి. కొత్త కార్లు, పార్టులు, ప్రత్యేక టూల్స్ వెనక్కి కొనే సంగతి కూడా ఉండాలి. ఆ నియమం మాకు వర్తించదు. అయినా మా డిమాండు లెటర్‌ను ఆ వరసలోనే రాశాం. ఊరికే "నష్టపోయాం" అంటే పట్టించుకోని వాళ్ళు పద్దుల వారీగా అడిగేసరికి జవాబు ఇవ్వాల్సి వచ్చింది.

ఇక మేము ఇవ్వాల్సినవి. బుకింగ్ అడ్వాన్సులు వెంటనే తిరిగి ఇచ్చేశాం. ముందే డబ్బు కట్టించుకున్న సర్వీస్ ప్యాకేజీలు మాత్రం తేలడం కష్టమైంది, ఎందుకంటే పక్క డీలరు వాటిని ఊరికే ఎందుకు చేస్తాడు? బేరమాడి కొంత డబ్బు వాళ్ళకు కట్టి ఒప్పించాం.

నాకు బాగా గుర్తుండిపోయింది సప్లయర్ల లెడ్జర్. దాన్ని చివరి నుంచి మొదటికి చదువుతుంటే మా షోరూం మీద ఎవరెవరు బతికారో ఒక్కొక్కరుగా కనిపించారు. డెంటింగ్, పెయింటింగ్ షాపు. టోయింగ్ బండాయన. సీట్ కవర్లు కుట్టేవాళ్ళు. టైర్ల షాపు, బ్యాటరీల షాపు. లోన్లు తెచ్చే ఏజెంట్లు, ఇన్సూరెన్సు వాళ్ళు. ప్రతి కొత్త మోడలుకూ మా ప్రకటన వేసుకునే స్థానిక పత్రిక. పిల్లల ఆటల పోటీలకు మేము ఇచ్చే చందా కూడా అందులో ఒక పద్దే. కంపెనీ లెక్కల్లో వీళ్ళెవరూ లేరు. డెంటింగ్ షాపు యజమానికి చెక్కు ఇచ్చేటప్పుడు "అన్నా, సగం పని మీ దగ్గరి నుంచే వచ్చేది" అన్నాడు. ఇద్దరు కుర్రాళ్ళను అప్పటికే మానిపించాడట.

స్టాఫ్ సంగతికి వస్తే, సేల్స్ కుర్రాళ్ళకు వేరే షోరూంలలో తొందరగానే దొరికింది. ఒకే బ్రాండు మీద ఏళ్ళ తరబడి చేతులు నలిగిన పెద్ద మెకానిక్‌లకు, రిసెప్షన్‌లో చేసే ఆడవాళ్ళకు, డ్రైవర్లకు, కార్లు కడిగేవాళ్ళకు దొరకలేదు. బ్యాంకు బాకీ ముందా, జీతాల సెటిల్‌మెంట్ ముందా అన్న ప్రశ్న వచ్చినప్పుడు ఓనరు గారు తన సొంత ఆస్తి ఒకటి అమ్మి స్టాఫ్‌కు చట్ట ప్రకారం రావలసినవన్నీ ఇచ్చారు. ఆ పని చేయలేని డీలర్లు, చేయాలనుకోని డీలర్లు చాలామంది ఉంటారు. ఉద్యోగి బకాయి యజమాని మంచితనం మీద ఆధారపడకూడదు. కంపెనీ మూసివేతకు కారణమైనప్పుడు ఆ డబ్బులో దానికీ వాటా ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను.

కస్టమర్లు ఏం చేశారో కూడా చెప్పాలి. వారంటీ ఉన్నవాళ్ళు దూరమైనా వెళ్తున్నారు. వారంటీ అయిపోయినవాళ్ళు ఊళ్ళో గ్యారేజీలకు మళ్ళారు. దగ్గర్లో సర్వీసు లేదని ఈ బ్రాండు పాత కార్లకు రేటు పడిపోయింది, వాటి యజమానులు కొత్త కారు కొనేటప్పుడు వేరే బ్రాండు చూస్తున్నారు. మా అమ్మకాలు పక్క డీలరుకు వెళ్తాయన్న కంపెనీ అంచనా నాకు తెలిసినంతలో నిజం కాలేదు.

క్లెయిముల్లో ఎక్కువ భాగం వచ్చింది. పార్టుల్లో కొంతే వచ్చింది. మా పెద్ద మెకానిక్‌లు కొందరు కలిసి అన్ని బ్రాండ్ల కార్లకూ పనిచేసే గ్యారేజీ పెట్టుకున్నారు, మా లిఫ్టులు వాళ్ళకే వాయిదాల మీద ఇచ్చాం. కంపెనీ చెప్పిందని భవనం మీద పెట్టిన ఖర్చు గురించి మధ్యవర్తిత్వం ఇంకా నడుస్తోంది. వచ్చే వాయిదా కోసం ఆ బిల్లులన్నీ ఏడాది వారీగా సర్ది, ఏ పని కంపెనీ ఏ ఉత్తరం ప్రకారం చేయించామో పక్కనే రాసి లాయరు గారికి ఇచ్చాను.