రెండో అటెంప్ట్‌ను ముంచిన వేలిన్లు

మొన్న సీఎస్ఐఆర్ నెట్ లైఫ్ సైన్సెస్ రిజల్ట్ వచ్చింది, మూడో అటెంప్ట్‌లో క్వాలిఫై అయ్యాను. రోల్ నంబర్ నాలుగుసార్లు సరిచూసుకున్నాక గానీ మనసు కుదుటపడలేదు. ఏ పుస్తకాలు చదివావు, ఎన్ని గంటలు కూర్చున్నావు అని చాలామంది అడిగారు. మీరందరూ చదివేవే చదివాను. నేను చెప్పాలనుకుంటున్నది రెండో అటెంప్ట్ సంగతి.

అప్పట్లో చాపెరోన్లంటే, అంటే మిగతా ప్రోటీన్లు సరిగ్గా మడతపడేలా సాయపడే ప్రోటీన్లంటే, నాకు మహా ధీమా. హెచ్ఎస్‌పీ70, గ్రోఈఎల్, ట్రిగర్ ఫ్యాక్టర్, వాటి ఏటీపీ సైకిల్స్ అన్నీ నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి. పార్ట్ సిలో ఒక స్టేట్‌మెంట్ వచ్చింది: ప్రోటీన్‌లోని ఒక డొమైన్ (విడిగా మడతపడే భాగం) అదే ప్రోటీన్‌లోని ఇంకో భాగానికి చాపెరోన్‌గా పనిచేయగలదని. చాపెరోన్ అంటే బయటి ప్రోటీనే కదా అనుకుని తప్పు అని పెట్టేశాను. మార్కులు రాకపోగా నెగెటివ్ పడింది. కటాఫ్‌కి రెండు మార్కుల దూరంలో ఆగిపోయాను.

కసి కొద్దీ దాని మీద వారం కూర్చున్నాను. ఉదాహరణ ప్రోఎస్‌పీ-సి. ఊపిరితిత్తుల్లో టైప్ 2 కణాలు తయారుచేసే సర్ఫాక్టెంట్ (గాలి సంచులు ముడుచుకుపోకుండా చూసే పూత) ప్రోటీన్‌కి ముందు రూపం, 197 అమైనో ఆమ్లాలు. చివరికి మిగిలే ఎస్‌పీ-సి మాత్రం 35. ఆ 35 అమైనో ఆమ్లాల సీక్వెన్స్‌ను నోట్‌బుక్‌లో చేత్తో రాసుకున్నాను. 16 నుంచి 21 దాకా వరుసగా ఆరు వేలిన్లు! ఒక ల్యూసిన్, ఒక ఐసోల్యూసిన్, మళ్లీ మూడు వేలిన్లు. పెన్ అక్కడే ఆగిపోయింది. వేలిన్ అనే అమైనో ఆమ్లానికి బీటా కార్బన్ దగ్గరే కొమ్మ ఉంటుంది కాబట్టి అది బీటా షీట్ (గొలుసులు పక్కపక్కన పరుచుకునే ఆకారం) వైపే మొగ్గుతుందని మనం బట్టీ పట్టాం. ఇక్కడేమో అదే మెంబ్రేన్‌లో ఆల్ఫా హెలిక్స్‌గా (స్ప్రింగులా చుట్టుకుని) నిలబడాలి. వదిలేస్తే షీట్లుగా అతుక్కుని అమైలాయిడ్ అనే గట్టి పోగులవుతుంది.

అలా కాకుండా చూసేది అదే గొలుసు చివర, ఈఆర్ (కణంలో ప్రోటీన్లు మడతపడే చోటు, ఎండోప్లాస్మిక్ రెటిక్యులం) లోపలి వైపు ఉండే బ్రికోస్ డొమైన్. హెలిక్స్ కుదిరేదాకా ఆ వేలిన్ల భాగాన్ని పట్టుకుని, ఒకదానికొకటి అతుక్కోనివ్వదు. తర్వాత దారిలో ఎంజైమ్‌లు దాన్ని కత్తిరించేస్తాయి. స్లాబ్ గట్టిపడ్డాక సెంట్రింగ్ ఊడదీసినట్టన్నమాట.

ఈ డొమైన్‌లో ఎల్188క్యూ (188వ చోట ల్యూసిన్ బదులు గ్లూటమిన్) లాంటి మ్యుటేషన్ వస్తే ప్రోటీన్ ఈఆర్‌లోనే ముద్దకట్టి, ఇంటర్‌స్టీషియల్ లంగ్ డిసీజ్ అనే ఊపిరితిత్తుల జబ్బుకి దారి తీస్తుంది. 2001లో ఒక తల్లీబిడ్డల్లో జీన్‌లోని ఎక్సాన్ 4 అనే ముక్క ఎగిరిపోయి 37 అమైనో ఆమ్లాలు తగ్గిన కేసు ప్రచురించారు. జీన్ రెండు కాపీల్లో ఒక్క అల్లీల్ (కాపీ) చెడినా చాలు, అంటే డామినెంట్. ఇక్కడో ఉచ్చు ఉంది, జాగ్రత్త: తరచుగా కనిపించే ఐ73టీ మ్యుటేషన్ బ్రికోస్‌లో లేదు, దానికి ముందున్న లింకర్‌లో ఉంది. దాని గోల వేరు, ప్రోటీన్ వెళ్లాల్సిన చోటికి కాకుండా దారి తప్పుతుంది.

మిగతా సిలబస్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఎకాలజీ పాత పేపర్లతో లాగించాను, జెనెటిక్స్‌లో లెక్కలు రోజూ పది చేశాను, ప్లాంట్ ఫిజియాలజీ సగం వదిలేశాను.

ఒక్క ప్రోటీన్ మీద వారం పోగొట్టుకున్నావని నా స్టడీ గ్రూప్‌లో అందరూ నవ్వారు. నవ్వనీ. ఆ వారమే లేకపోతే రామచంద్రన్ ప్లాట్‌ను (ప్రోటీన్ గొలుసు ఏ కోణాల్లో వంగగలదో చూపే గ్రాఫ్) ఇప్పటికీ బొమ్మగానే చూసేవాణ్ణి. షార్ట్‌కట్ నోట్స్ మార్చుకుంటూ రోజులు గడిపేవాళ్లకు ఇది చాదస్తంలాగే ఉంటుంది. ఫోన్ పక్కన పడేసి ఒక సీక్వెన్స్ చేత్తో రాసి చూడండి, అప్పుడు మాట్లాడదాం.

ఇంతకీ ఈసారి పేపర్లో బ్రికోస్ ఊసే లేదు. ఏ అమైనో ఆమ్లం హెలిక్స్‌కి ఇష్టపడదు అని ఒక ప్రశ్న వచ్చింది, ఆప్షన్లలో వేలిన్ కనపడగానే హాల్లోనే నవ్వొచ్చింది.