కింక్స్ గరగర: బ్లేడు పనెంత, వైరు పనెంత

పాట "యూ రియల్లీ గాట్ మీ". బ్యాండు కింక్స్. ఏడాది 1964. నెల్లూరు, కావలి, ఒంగోలు చర్చి బ్యాండుల్లో గిటార్ పట్టుకున్న కుర్రాళ్లకు పాట తెలియకపోయినా కథ మాత్రం ఎక్కడో చెవిన పడే ఉంటుంది. పదిహేడేళ్ల డేవ్ డేవిస్ బ్లేడు తీసుకుని ఆంప్లిఫయర్ స్పీకర్‌ని కోసేశాడని, ఆ చిరుగులోంచే రాక్ గిటార్ గరగర పుట్టిందని. అది విని ఇంట్లో పాత స్పీకర్ మీద ప్రయోగం చేసి, "ఏందన్నా, పాటలో మాదిరి రాలేదే, ఉత్త బర్రుమంటా ఉంది" అని మైక్ సెట్ షాపుకు మోసుకొచ్చేవాళ్లు కూడా ఉన్నారు.

రాదు మరి. బ్లేడు కథ నిజమే. కాకపోతే చెప్పేవాళ్లు అందులో ఒక వైరును వదిలేస్తారు.

ముందు పాట సంగతి. డేవ్‌కి అన్న అయిన రే డేవిస్ ఉత్తర లండన్‌లోని మస్వెల్ హిల్ ప్రాంతంలో, తల్లిదండ్రుల ఇంట్లోని పియానో మీద ఈ పాట కట్టాడు. ఆయన మనసులో ఉన్నది జాజ్, బ్లూస్ బాణీ. మెల్లగా నడిచే పాట. ఆ వరస డేవ్ గిటార్ మీదికి వచ్చాక రూపం మారింది. అప్పటికి పై (Pye) రికార్డ్స్ అనే కంపెనీ కింక్స్‌వి రెండు సింగిల్స్ (విడిపాట రికార్డులు) విడుదల చేసింది, రెండూ ఆడలేదు. మూడోది కూడా పోతే బ్యాండు ఇంటికే. అట్టాంటి సమయంలో మొదటిసారి రికార్డు చేసిన వెర్షన్ నెమ్మదిగా, ఎకోలో మునిగిపోయి వచ్చింది. ఇది బయటికి పోవడానికి వీల్లేదని రే పట్టుబట్టాడు. మళ్లీ డబ్బు పెట్టడానికి కంపెనీకి ఇష్టం లేదు. చివరికి జులైలో లండన్ ఐబీసీ స్టూడియోలో, షెల్ టాల్మీ అనే అమెరికన్ ప్రొడ్యూసర్ ఆధ్వర్యంలో రెండోసారి రికార్డయింది. ఆగస్టు 4న విడుదలైంది, సెప్టెంబరులో బ్రిటన్‌లో నంబర్ 1. అమెరికాలో 7 దాకా పోయింది.

డ్రమ్స్ వాయించింది బ్యాండు డ్రమ్మర్ మిక్ ఏవరీ కాదు, స్టూడియో డ్రమ్మర్ బాబీ గ్రాహం. ఏవరీ చేతికి టాంబరిన్ ఇచ్చారు. బేస్ పీట్ క్వేఫ్. సోలో వాయించింది తర్వాత లెడ్ జెప్పెలిన్ బ్యాండు పెట్టిన గిటారిస్టు జిమ్మీ పేజ్ అన్న పుకారు ఇప్పటికీ తిరగతానే ఉంది. అది డేవ్ వాయించిందేనని టాల్మీ చెప్పాడు, పేజ్ కూడా అదే చెప్పాడు. ఇంక దాని మీద వాదన అనవసరం.

ఇప్పుడు ఆ గరగర. డేవ్ దగ్గర ఎల్‌పికో అనే చిన్న ఆకుపచ్చ ఆంప్లిఫయర్ ఉండేది. దాని స్పీకర్ కోన్‌కి, అంటే ముందు కదిలే పేపర్ గరాటుకి, నడిమి నుంచి అంచు వైపుకు బ్లేడుతో గాట్లు పెట్టాడు. ఇది అందరూ చెప్పేది. తర్వాత ఆ ఎల్‌పికో స్పీకర్ అవుట్‌పుట్‌ని వాక్స్ ఏసీ30 ఇన్‌పుట్‌లోకి ఇచ్చాడు. ఏసీ30 అంటే నాలుగు ఈఎల్84 వాల్వులు (పాతకాలం గాజు ట్యూబులు), రెండు 12 అంగుళాల స్పీకర్లు ఉన్న 30 వాట్ల పెట్టె. ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. కోన్ చిరిగితే వచ్చే బర్రు గాల్లో పుట్టే శబ్దం. వైరులో పోయేది కరెంటు. కోన్ చిరిగినా చిరక్కపోయినా టెర్మినల్ దగ్గర సిగ్నల్ దాదాపు ఒకటే. అంటే ఏసీ30 లోంచి వచ్చిన గరగర బ్లేడుది కాదు. చిన్న ఆంప్లిఫయర్ తన శక్తికి మించి వాయించి సిగ్నల్ అంచులు కోసేసింది, ఆ కోసిన సిగ్నల్‌ని రెండో ఆంప్లిఫయర్ మళ్లీ కోసింది. చిరిగిన కోన్ శబ్దం రికార్డులోకి రావాలంటే దాని ముందు మైక్ ఉండాల్సిందే. అందుకే ఒట్టి స్పీకర్ కోసుకున్నోళ్లకు పాటలోని బిగువు రాదు.

మూడోది డేవ్ వేళ్లు. అది స్వరాల లెక్క. ఆ గిటార్లో గట్టిగా వినిపించేవి షడ్జం, పంచమం, పై షడ్జం. గాంధారం జాడ లేదు. ఇట్టా కలిపి మోగించే స్వరాల గుంపు కార్డ్ (chord), గాంధారం లేని దీన్ని పవర్ కార్డ్ అంటారు. గాంధారం ఎందుకు వద్దో అంకెల్లో చూడండి. లావు తీగ మూడో ఫ్రెట్ మీద జీ స్వరం 98 హెర్ట్జ్. దాని పంచమం 147. డిస్టార్షన్ (అదే ఈ గరగర) పడితే రెండు స్వరాల తేడా కూడా కొత్త స్వరంగా పుడుతుంది. 147లో 98 తీస్తే 49, అంటే అదే జీ ఒక స్థాయి కింద. గిటార్‌లో లేని మంద్ర షడ్జం ఊరికే వచ్చి కూర్చుంటుంది, కార్డ్ బరువెక్కుతుంది. అందులో గాంధారం కలిపితే, అది 123.5. కింద 98తో తేడా 25.5, పైన 147తో తేడా 23.5. ఈ రెండూ ఒకదానితో ఒకటి కలవవు, కొట్టుకుంటాయి. శబ్దం బురదయిపోతుంది. కీర్తనకి మామూలుగా పట్టే పూర్తి జీ మేజర్ కార్డ్‌నే డిస్టార్షన్‌లో వాయించి చూడండి, తేడా వెంటనే తెలుస్తుంది.

వాయించే పద్ధతి ఇది. చూపుడువేలు లావు తీగ ఒకటో ఫ్రెట్ మీద, ఉంగరంవేలు అయిదో తీగ మూడో ఫ్రెట్ మీద, చిటికెనవేలు నాలుగో తీగ మూడో ఫ్రెట్ మీద. అది ఎఫ్. అదే ఆకారం రెండు ఫ్రెట్లు పైకి జరిపితే జీ. వరస ఎఫ్, జీ, జీ, ఎఫ్, జీ. పిక్ అన్నీ కిందికే. వరసకీ వరసకీ మధ్య ఎడమచేతి వేళ్లు తీగల మీద ఉంచి ఒత్తిడి మాత్రం వదలాలి, శబ్దం టక్కున ఆగాలి. చాలామంది తప్పేది ఇక్కడే. వేళ్లు పూర్తిగా పైకి ఎత్తేస్తే ఖాళీ తీగలు మోగుతాయి, గెయిన్ ఎక్కువ ఉన్నప్పుడు ఆ మోత పాటని తినేస్తుంది. పాడే భాగం జీలో మొదలై, ఒక స్వరం పైకి, ఏ (A) కి ఎక్కి, అక్కణ్ణుంచి డీకి దూకుతుంది. పాట రెండుంబావు నిమిషాలు కూడా లేదు, అయినా మెట్టు మెట్టుకీ శ్రుతి పెరగడంతో ఊపిరి ఆడనివ్వదు. రికార్డుతో పాటు వాయిస్తున్నప్పుడు శ్రుతి తేడా అనిపిస్తే గిటార్ బిరడాలు తిప్పకుండా ఫోన్ యాప్‌లో పాట పిచ్ సర్దుకోండి.

రెండు ఆంప్లిఫయర్ల పద్ధతి ఇంట్లో చేయాలనుకుంటే జాగ్రత్తగా వినండి. స్పీకర్ అవుట్‌పుట్‌ని నేరుగా ఇంకో ఆంప్లిఫయర్ ఇన్‌పుట్‌లో గుచ్చితే ఇన్‌పుట్ పోవచ్చు. 5 వాట్ల ఆంప్లిఫయర్ 8 ఓమ్స్ స్పీకర్‌కి ఇచ్చేది 6 ఓల్టుల పైమాటే, గిటార్ ఇచ్చేది అర ఓల్టు లోపు. కాబట్టి మధ్యలో సిగ్నల్‌ని తగ్గించాలి. స్పీకర్ ప్లస్ నుంచి 22 కిలో ఓమ్స్ రెసిస్టర్, దాని అవతలి కొస నుంచి మైనస్‌కి 1 కిలో ఓమ్, ఆ రెండూ కలిసే చోటు నుంచి జాక్ వైరు. పావు వాట్ రెసిస్టర్లు చాలు. మొదటి ఆంప్లిఫయర్ స్పీకర్ మాత్రం పీకొద్దు, అది లోడ్‌గా ఉండాలి. వాల్వ్ ఆంప్లిఫయర్‌కి స్పీకర్ లేకుండా వాయిస్తే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది. దాని మూత తెరిచే ఆలోచన కూడా వద్దు, స్విచ్ ఆపినా కెపాసిటర్లలో 300 ఓల్టులు కాచుకుని ఉంటాయి.

ఇంకో ప్రమాదం కొత్త బోర్డులతో. ఇప్పుడు చవగ్గా దొరికే క్లాస్ డి బోర్డుల్లో చాలావాటికి స్పీకర్ మైనస్ అంటే గ్రౌండ్ కాదు, రెండు వైర్లలోనూ సిగ్నల్ ఉంటుంది. అందులో ఒకదాన్ని జాక్ గ్రౌండ్‌కి కలిపితే చిప్ టప్పుమంటుంది. కరెంటు తీసేసి, మల్టీమీటర్‌ని బజర్‌లో పెట్టి స్పీకర్ మైనస్‌కీ ఇన్‌పుట్ జాక్ బయటి భాగానికీ మధ్య చూడండి. మోగితే సరే. మోగకపోతే ఆ బోర్డుతో ఈ పని మానుకోండి. అంతా కలిపాక హమ్ (గుయ్యిమనే మోత) వస్తే మధ్యలో 1:1 ఆడియో ట్రాన్స్‌ఫార్మర్ వేయండి. ప్లగ్‌లో ఎర్త్ పిన్ పీకేసే అలవాటు మన ఊళ్ల స్టేజీల మీద చాలామందికి ఉంది. హమ్ పోతుంది, మనిషి కూడా పోతాడు.

ఇంత తెలిసినా బ్లేడు సరదా తీరకపోతే, పాత ఇనుప సామాన్ల వాళ్ల దగ్గర 8 అంగుళాల, 8 ఓమ్స్ పేపర్ కోన్ స్పీకర్ తెచ్చుకోండి. ప్లాస్టిక్ కోన్ పనికిరాదు. కొత్త బ్లేడుతో మూడు గాట్లు చాలు, ఒక్కోటి 3 సెంటీమీటర్లు. నడిమి బుడిపె నుంచి 2 సెంటీమీటర్లు వదిలి మొదలుపెట్టి, అంచుకు సెంటీమీటరు ముందే ఆపండి. వాయిస్ కాయిల్ నుంచి టెర్మినల్‌కి వచ్చే మెత్తటి అల్లిక వైర్ల జోలికి పోవద్దు. అంచు తెగితే కోన్ పక్కకు వాలుతుంది, కాయిల్ అయస్కాంతానికి రాసుకుంటుంది, కొంతసేపటికి కాలిపోతుంది. కొత్తపట్నం, రామాయపట్నం లాంటి సముద్రం పక్క ఊళ్లలో ఇంకా జాగ్రత్త, ఉప్పుగాలికి పేపర్ ముందే మెత్తబడి ఉంటుంది, పెట్టిన గాటు తనంతట తనే సాగుతుంది. ఎక్కువ చిరిగితే ఫెవికాల్‌లో కొంచెం నీళ్లు కలిపి టిష్యూ పేపర్ ముక్క వెనకవైపు అంటించండి.

గాటు నుంచి 5 సెంటీమీటర్ల దూరంలో మామూలు డైనమిక్ మైక్ పెట్టండి. మెల్లగా వాయిస్తే ఏమీ తెలియదు. లావు తీగ గట్టిగా కొట్టినప్పుడే కోన్ ఎక్కువగా కదిలి, గాటు అంచులు ఒకదానికొకటి తగిలి బర్రుమంటాయి. రెండో ఆంప్లిఫయర్ ముందు ఇంకో మైక్ పెట్టి, మిక్సర్‌లో ముందు దాన్నే పైకి తెచ్చి, కోసిన స్పీకర్‌ని దాని కింద కొద్దికొద్దిగా కలపండి. కలిపేకొద్దీ శబ్దం పలచబడితే ఒక చానెల్‌లో ఫేజ్ బటన్ నొక్కండి.

డిస్టార్షన్ మొట్టమొదట పుట్టింది ఈ పాటలోనే అనడం మాత్రం తప్పు. అమెరికాలో లింక్ రే అనే గిటారిస్టు 1958 నాటికే స్పీకర్లకు పెన్సిల్‌తో బొక్కలు పెట్టాడు. కాలితో నొక్కితే గరగర ఇచ్చే మాస్ట్రో ఫజ్ పెడల్ 1962లోనే బజారులోకి వచ్చింది. కింక్స్ చేసింది వేరు, ఆ గరగరనే పాటకి వెన్నెముక చేశారు. అదే ఏడాది వాళ్ల తర్వాతి సింగిల్‌కి కూడా ఇదే సూత్రం వాడితే బ్రిటన్‌లో రెండో స్థానం దాకా వెళ్లింది. 1978లో వాన్ హేలెన్ తమ మొదటి ఆల్బమ్‌లో ఇదే పాట ఇంకా భారీ గిటార్‌తో వాయించింది. రెండూ వరసగా వినండి. వాన్ హేలెన్‌లో గిటార్ నేర్పు కనిపిస్తుంది. గాట్లు పడ్డ ఆ చిన్న పెట్టె మొరటుతనం కావాలంటే మాత్రం 1964 రికార్డే, అదీ మోనో మిక్స్‌లో.