ఫిన్సేలో లెమ్మింగుల కోసం

ఓస్లోలో మా బావ వాళ్ళింటికి వెళ్ళినప్పుడు లెమ్మింగులనే ఎలుకజాతి బుల్లి జీవుల్ని చూడాలని నేను పట్టుబట్టి ఆయన్ని నార్వే కొండల్లోని ఫిన్సేకి లాక్కెళ్ళా. బెర్గెన్ వెళ్ళే రైల్లో నాలుగు గంటల పైనే పట్టింది. 1222 మీటర్ల ఎత్తు, ఆ లైన్లో అన్నిటికంటే ఎత్తైన స్టేషన్, కారు వెళ్ళే రోడ్డే లేదు. జూలైలో కూడా అక్కడక్కడా మంచు ఉంది, అందరూ హిమానీనదం ఫోటోలు తీసుకుంటుంటే నేను మాత్రం నేలకేసి చూసుకుంటూ నడుస్తున్నా.

"ఎలుకల కోసం ఇంత ఖర్చు పెట్టించావా" అన్నాడు బావ.

లెమ్మింగులంటే గుంపులుగా కొండ మీంచి దూకి చచ్చిపోతాయి అని మనలో చాలామంది నమ్ముతారు కదా, అది వట్టి కట్టుకథ, 1958లో ఒక డాక్యుమెంటరీ వాళ్ళు ఆ లెమ్మింగులు ఉండని కెనడాలోని ఆల్బర్టాకి వాటిని కొని తెచ్చి, వాళ్ళే తోసి తీసిన సీను దాన్ని ప్రపంచమంతా నమ్మించింది. నిజంగా జరిగేదేంటంటే, మూడు నుంచి ఐదేళ్ళకోసారి వీటి సంఖ్య విపరీతంగా పెరుగుతుంది, అప్పుడు మంచి జాగా దొరకనివి, ఎక్కువగా కుర్రవి, ఎవరి దారిన అవి కిందికి బయల్దేరతాయి, దారిలో ఏరో చెరువో అడ్డొస్తే గట్టున పోగుపడతాయి, ఈత వచ్చు కాబట్టి నీళ్ళలో దిగుతాయి, అలలెక్కువైతే మునిగిపోతాయి. బతుకుదెరువు కోసం ఊరొదిలిన వాళ్ళని ఆత్మహత్య చేసుకున్నారు అన్నట్టుంది ఆ కథ!

నాకు ఇంకా నచ్చింది చలికాలం సంగతి. అవి చలికాలమంతా నిద్రలో గడపవు. మంచుకీ నేలకీ మధ్య ఉండే సందులో తిరుగుతూ నాచు తింటాయి, పరిస్థితి బావుంటే అక్కడే పిల్లల్ని కూడా పెడతాయి. మంచు కరిగిన చోట ఎండుగడ్డితో అల్లిన గూళ్ళు, రెట్టల కుప్పలు, నాచులో కత్తిరించిన సన్న దారులు కనిపించాయి. అయితే చలికాలం మధ్యలో మంచు కరిగి మళ్ళీ గడ్డకడితే నేల మీద ఐసు పొర పడి తిండి అందదు. 1994 తర్వాత చాలా ఏళ్ళు ఇక్కడ పెద్ద పెరుగుదల రాలేదు, దానికి మారిన మంచే కారణం అని 2008లో పరిశోధకులు రాశారు.

చివరికి ఒకటి దొరికింది, బొద్దుగా, నలుపూ పసుపూ, తోక ఉందా లేదా అన్నంత పొట్టి. పారిపోకుండా మా మీదకే కీచుమని అరుస్తోంది, బావ నిజంగానే వెనక్కి గెంతాడు. ఆ రంగు, ఆ అరుపు శత్రువులకి వార్నింగ్ అంటారు, అరచేతిలో పట్టే జీవికి ఎంత పొగరో!

ఆర్కిటిక్ నక్కలకి ఇవే ముఖ్యమైన తిండి, ఇవి లేని ఏడాది అవి పిల్లల్ని పెట్టడమే కష్టం, అందుకే పెంచిన నక్కల్ని తెచ్చి ఈ కొండల్లో వదిలారు, వాటికి మేత డబ్బాలు కూడా పెట్టారు. మాకు నక్క కనపడలేదు. వెళ్ళేవాళ్ళు తిరుగు టికెట్ ముందే తీసుకోండి, స్వెటర్ మర్చిపోకండి.