తడి ఆరేలోపు పూసే మందారం

మందారం ఆయుష్షు ఒక్క పగలు. పొద్దున్న విచ్చుకుని సాయంత్రానికి ముడుచుకుపోయే ఆ పువ్వును నీటి రంగుల్లో వేయడానికి కూర్చున్నప్పుడల్లా, నా ముందున్న తడి కాగితానికీ దానికీ ఏదో చుట్టరికం ఉన్నట్టు అనిపిస్తుంది. కాగితం మీద నీరు మెరుస్తూ ఉండేది కొన్ని నిమిషాలే; ఆ నిమిషాల్లోనే రంగు తనంతట తాను పాకి, పక్క రంగుతో కలిసి, రేకుగా మారాలి. కొన్నేళ్లుగా నేను ఏ ఋతువులో పూసే పువ్వును ఆ ఋతువులోనే, ఎదురుగా పెట్టుకుని, పెన్సిలు గీతల కట్టుబాటు లేకుండా వేస్తున్నాను. ఇలాంటి బొమ్మలను చూసినవారు చాలామంది వీటిని తొందరగా ముగించిన పనిగా భావిస్తారు. నిజానికి కుంచె కదిలేది పది నిమిషాలైతే, అంతకుముందు పువ్వును చూస్తూ కూర్చునేది గంటసేపు.

ఆ గంటలో నేను వెతికేది అంచులను. మందారానికి ఐదు రేకులు. ఐదింటినీ ఒకే స్పష్టతతో గీస్తే వృక్షశాస్త్ర గ్రంథంలో ఉండవలసిన బొమ్మ వస్తుంది, దాని ప్రయోజనం దానిది. కానీ కంటికి పువ్వు ఆ విధంగా కనిపించదు. వెలుగు నేరుగా పడిన చోట రేకు ఎక్కడ ముగిసిందో పోల్చుకోలేము, నీడ వైపు మాత్రం ఒక మడత కత్తితో కోసినట్టు ఉంటుంది. అందువల్ల రెండు రేకులను పొడి కాగితం మీద గట్టి అంచుతో నిలబెట్టి, తక్కిన మూడింటిని తడిలోకి వదిలేస్తాను. ఏది వదలాలో ముందే నిర్ణయించుకోకపోతే ఆ నిర్ణయాన్ని నీరే తీసుకుంటుంది, అప్పుడు కాగితం మీద మిగిలేది మరక.

ఇక తడిని చదవడం. కాగితాన్ని కంటి ఎత్తుకు లేపి ఏటవాలుగా చూడాలి. అది అద్దంలా మెరుస్తున్నంతసేపూ వేసిన రంగు నలువైపులా పరుచుకుని పలచబడిపోతుంది. ఆ మెరుపు తగ్గి పట్టుబట్ట నిగనిగలా మారిన క్షణంలో మందారం గొంతులో ముదురు ఎరుపు చుక్క ఒకటి పెడితే, అది రేకుల వైపు కొద్దిగా పాకి ఆగుతుంది. పువ్వుకు లోతు వచ్చేది అక్కడే. ఆరిన తరువాత రంగు వెలిసినట్టు తేలికపడుతుంది కాబట్టి, ఆ చుక్క మనకు కావలసిన దానికంటే ఒక ఛాయ ముదురుగానే ఉండాలి. ఇంకొంచెం ఆలస్యమై, మెరుపు పూర్తిగా పోయి, చేతికి చల్లదనం మాత్రమే తగిలే దశలో నీళ్లోడే కుంచె తాకిందంటే, కొత్త నీరు సగం ఆరిన రంగు రేణువులను తోసుకుంటూ వెళ్లి క్యాలీఫ్లవర్ ఆకారంలో గట్టు కడుతుంది. చాలాకాలం దానిని తప్పుగానే ఎంచి టిష్యూతో అద్దేదాన్ని. ముద్దమందారం చుట్టూ ఉండే ముడతల అంచు అచ్చంగా అలాగే ఉంటుందని ఒకరోజు గమనించాక, ఇప్పుడు కావాలనే అక్కడ ఒక నీటి బొట్టు వదులుతున్నాను.

ఋతువు మారితే ఈ గడువులన్నీ మారిపోతాయి. వానాకాలంలో గాలిలో తేమ వల్ల కాగితం ఎంతకూ ఆరదు, తామర రేకుల మెత్తదనం సులువుగా వస్తుంది. ఎండాకాలంలో 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువున్న) నూలు కాగితాన్ని రెండువైపులా తడిపినా కుంచె తిప్పేలోగా అంచులు గట్టిపడతాయి. ఆ కాలంలో పొద్దుతిరుగుడు పూలను విడివిడి కుంచె దెబ్బలతో వేయడమే మేలు.

రంగుల ఎంపికలో నేను ఒక నష్టం చవిచూశాను. మొదట్లో ఇష్టంగా వాడిన ఒక ఫ్లోరసెంట్ గులాబీ రంగుతో వేసిన మందారాన్ని కిటికీకి ఎదురుగా గోడకు తగిలిస్తే, క్రమంగా ఆకుల ఆకుపచ్చ మాత్రం నిలిచి, పువ్వు ఉన్న చోటు పాలిపోయింది. చాలా బాధ కలిగింది. ఆ తరువాతే ట్యూబు మీద చిన్న అక్షరాల్లో ఉండే పిగ్మెంట్ కోడ్, అంటే లోపలున్న రంగు పదార్థం ఏదో చెప్పే గుర్తు, చదవడం అలవాటు చేసుకున్నాను. 1868లో కృత్రిమంగా తయారైన అలిజరిన్ అనే రంగు పదార్థంతో చేసే క్రిమ్సన్ అనే ముదురు ఎరుపు, కోడ్‌లో పీఆర్ 83, ఎంత అందమైనదైనా వెలుతురుకు తట్టుకోదు. 1958లో మార్కెట్‌లోకి వచ్చిన క్వినాక్రిడోన్ అనే కృత్రిమ రంగుల జాతికి చెందిన పీవీ 19 చాలా మెరుగ్గా నిలుస్తుంది. ఇప్పుడు నా పాలెట్‌లో గులాబీ రంగు అంటే అదే.

స్వేచ్ఛగా వేయడానికి రెండు దారులున్నాయని నాకు నేర్పినవారు ఇద్దరు. జర్మన్ చిత్రకారుడు ఎమిల్ నోల్డె (1867–1956) నీటిని బాగా పీల్చే జపాన్ కాగితాన్ని తడిపి, పాపీ పూల ఎరుపును అందులో నిండుగా ఇంకనిచ్చేవాడు. అమెరికాకు చెందిన చార్లెస్ డెమత్ (1883–1935) తన తల్లి తోటలోని పూలను సన్నని పెన్సిలు గీతతో మొదలుపెట్టి, రంగును అక్కడక్కడా అద్ది తీసేసి, కాగితంలో చాలా భాగాన్ని తాకకుండా వదిలేసేవాడు. నా మనసు మొదటివాడి వైపు లాగుతుంది, చేతికి మాత్రం రెండోవాడి సంయమనం అవసరం.

ఆ అవసరం ఈ చలికాలంలో తెల్ల చేమంతుల దగ్గర బాగా తెలుస్తోంది. తెల్ల రంగు వాడకుండా తెల్ల పువ్వును వేయాలంటే పువ్వును ముట్టుకోకూడదు, దాని వెనకున్న నీడను వేయాలి. నీలం, గోధుమ కలిపిన బూడిద ఛాయను రేకుల సందుల్లోకి కుంచె మొనతో దింపి, ఎడమవైపు నాలుగైదు రేకులకు అసలు హద్దే పెట్టకుండా వదిలాను. నిన్నటి కాగితంలో కుడివైపు ఇంకా రెండు గీతలు ఎక్కువయ్యాయి. కూజాలోని చేమంతులు మరో మూడు రోజులు తాజాగా ఉండేట్టున్నాయి, రేపు పొద్దున్న మళ్లీ తడుపుతాను.