లద్దాఖ్ అంతా 89 డిగ్రీలు

గడ్డకట్టిన నేల కోసం వెతుకుతూ మొదటిసారి వాలు మ్యాప్ వేస్తే లద్దాఖ్ మొత్తం నిట్టనిలువు గోడలా వచ్చింది. సింధు నది ఒడ్డు, లేహ్ విమానాశ్రయం రన్‌వే, ఏ పిక్సెల్ నొక్కినా 89 డిగ్రీల చిల్లరే. అరగంట సాఫ్ట్‌వేర్‌ని తిట్టుకున్నాక తప్పు నాదేనని తెలిసింది. డెమ్‌లో, అంటే ఒక్కో పిక్సెల్‌కి నేల ఎత్తు చెప్పే ఫైల్‌లో, ఎత్తు మీటర్లలో ఉంది, అడ్డం నిలువు మాత్రం అక్షాంశ రేఖాంశాల డిగ్రీల్లో ఉన్నాయి. 30 మీటర్ల పిక్సెల్‌ని సాఫ్ట్‌వేర్ 0.00028 మీటర్లు అనుకుని లెక్కేసింది. దూరాల్ని మీటర్లలో చూపే యూటీఎం పద్ధతిలోకి మార్చాక దారికొచ్చింది.

అప్పుడు ఎంటెక్ రెండో ఏడాది. మాది అనంతపురం, మంచు ఫొటోల్లో తప్ప చూసినవాణ్ణి కాదు. చాంగ్‌లా కనుమ చుట్టుపక్కల పెర్మాఫ్రాస్ట్ ఎక్కడెక్కడ ఉండొచ్చో మ్యాప్ చేయమన్నారు మా గైడ్ మేడమ్. వరసగా రెండేళ్లు సున్నా డిగ్రీలు దాటని నేలనే పెర్మాఫ్రాస్ట్ అంటారు. పైపొర ఎండాకాలంలో కరుగుతుంది, అసలుది దాని అడుగున ఉంటుంది. అంటే ఏ ఉపగ్రహమూ దాన్ని నేరుగా చూడలేదు. ఎత్తు, ఎండ, నేల పైభాగం వేడి, ఇలాంటి ఆనవాళ్లు పట్టుకుని ఊహించాల్సిందే. ఆల్ప్స్‌లో అయితే చలికాలం చివర మంచులోకి కడ్డీ దింపి అడుగున ఉష్ణోగ్రత చూస్తారు. మైనస్ 3 కంటే తక్కువుంటే కింద పెర్మాఫ్రాస్ట్ దాదాపు ఉన్నట్టే. దానికి కనీసం 80 సెంటీమీటర్ల మంచు పేరుకోవాలి. లేహ్‌లో ఏడాది మొత్తం వానా మంచూ కలిపి పడేదే 100 మిల్లీమీటర్లు అటూ ఇటూ. కరువు జిల్లావాణ్ణి, నాకే జాలేసింది.

వాలు ఏ దిక్కుకు తిరిగి ఉందో చెప్పే ఆస్పెక్ట్ దగ్గర ఇంకో దెబ్బ తిన్నాను. 350 డిగ్రీలూ ఉత్తరమే, 10 డిగ్రీలూ ఉత్తరమే. రెంటికీ సగటు తీస్తే 180, అంటే దక్షిణం! సైన్, కొసైన్‌లుగా విడగొట్టి కొన్నాళ్లు నడిపాను. చివరికి ఆస్పెక్ట్‌ని పక్కనపెట్టి, కొండల నీడలు కూడా కలిపి ఏడాదంతా ఒక్కో పిక్సెల్ మీద ఎంత ఎండ పడగలదో డెమ్ నుంచే లెక్కగట్టాను. అదే నయం.

నేల పైభాగం వేడి కొలిచే ఉపగ్రహ పరికరం మోడిస్, దాని డేటాది మరో కథ. అందులో అంకెని 0.02తో గుణిస్తే కెల్విన్ వస్తుంది, దాన్నుంచి 273.15 తీసేయాలి. మబ్బు పట్టిన చోట సున్నా ఉంటుంది. ఆ సున్నాల్ని తీసేయకుండా సగటు కట్టేసరికి కొన్ని లోయలు మైనస్ 90కి దిగాయి. పైగా దాని పిక్సెల్ కిలోమీటరు. ఒక గుట్ట ఎండ వైపూ నీడ వైపూ అందులో ఒకటైపోతాయి. ల్యాండ్‌శాట్ ఉపగ్రహం అంతకంటే సన్నగా చూస్తుంది కదా అని అటు వెళ్తే, అది వచ్చేది ఉదయం పదిన్నర ప్రాంతంలో. అప్పటికి సూర్యుడు ఆగ్నేయాన ఉంటాడు. వాయవ్య వాలులన్నీ నీడలో చల్లగా కనపడ్డాయి. నేను పెర్మాఫ్రాస్ట్ అనుకుని మురిసిపోయింది ఆ నీడల్ని చూసే.

ఇక పెర్మాఫ్రాస్ట్ ఎక్కడుండొచ్చో అంచనా వేసే కంప్యూటర్ మోడల్‌కి నేర్పడానికి రాక్ గ్లేసియర్లు. లోపల మంచు పట్టుకుని మెల్లగా జారే రాళ్ల నాలుకలవి. పైన ముడతలు, ముందు నిటారు అంచు ఉంటాయి. మూడు వారాలు కూర్చుని శాటిలైట్ చిత్రాల మీద గీశాను. ఫలితం అదిరిపోయింది. మేడమ్ ఒకటే అడిగారు: "ఒకే రాక్ గ్లేసియర్‌లో కొన్ని పిక్సెల్స్‌తో నేర్పి, మిగతావాటితో పరీక్ష పెట్టావా?" అవును, అలాగే చేశాను. ప్రశ్నపత్రం ముందే ఇచ్చి పరీక్ష రాయించినట్టన్నమాట. కొన్ని రాక్ గ్లేసియర్లని పూర్తిగా పక్కనపెట్టి మళ్ళీ నడిపితే మార్కులు చప్పున పడిపోయాయి. ఆమె ఇంకోటీ అన్నారు: "ఇది రాళ్లకుప్పల మ్యాపు. కొండచరియ బండల్లో ఏముందో ఇది చెప్పదు." కాదనడానికి నా దగ్గర ఏమీ లేదు.

సెప్టెంబరులో వెళ్లాం. చాంగ్‌లా 5,360 మీటర్లు. కాఫీ ఫ్లాస్క్ మూత తిప్పడానికే ఆయాసం వచ్చింది. ఒక రాక్ గ్లేసియర్ పాదం దగ్గర సన్నగా ఊట కారుతోంది. థర్మామీటర్ ముంచి అయిదు నిమిషాలు పట్టుకున్నాను, వేళ్లు మొద్దుబారాయి. 0.6 డిగ్రీలు. ఎండాకాలం చివర్లో ఊట ఒక డిగ్రీ లోపుందంటే పైన ఎక్కడో గడ్డకట్టిన నేలని రాసుకుని వస్తుండొచ్చన్నమాట. మా డ్రైవరన్న దోసిలితో తాగి, పళ్లు జివ్వుమన్నాయని నవ్వాడు.

చుట్టూ ఉష్ణోగ్రత నమోదు చేసుకునే బొత్తాలంత లాగర్లు ఎనిమిది పాతి వచ్చాం. ఏడాది తర్వాత ఆరు దొరికాయి. 4,900 మీటర్ల దగ్గర ఉత్తరపు వాలు మీద, పెద్ద బండల సందులో పెట్టినదాని సగటు మైనస్ 1.4. బండల మధ్య చలిగాలి దిగి అక్కడే నిలబడిపోతుంది. అక్కడికి ఇరవై అడుగులైనా లేదు, సన్నమట్టిలో పెట్టినదాని సగటు ప్లస్ 0.8. ఇంటికొచ్చి మ్యాప్ తెరిచి చూస్తే రెండూ ఒకే పిక్సెల్‌లో ఉన్నాయి. అక్కడ పెర్మాఫ్రాస్ట్ ఉండటానికి నా మోడల్ ఇచ్చిన సంభావ్యత 0.55.